ఎర్ర నూలు లేని యుద్ధం

నీలం నగర్, సోలాపూర్
జూన్ 9

రాజయ్యన్నకు దండాలు.

ఆదివారం నువ్వు ఫోన్ చేశావు కదా. మనవరాలు ఋతుజ దాన్ని నా చెవికి ఆనించింది. నువ్వు "ఆఁ?" అన్నావు, నేను "ఆఁ?" అన్నాను. అయిదు నిమిషాలు ఇద్దరం అదే ముచ్చట చెప్పుకున్నాం. ఋతుజ నేల మీద పడి నవ్వింది. మరమగ్గాల చప్పుడుకు పాడైన చెవులు మనవి, వాటికి ఫోనెందుకు? కాగితమే మేలు. పైగా ఈ ఇంట్లో తెలుగు చదవడం నా ఒక్కడికే వచ్చు. ఋతుజది మరాఠీ బడి. మనం ఏం రాసుకున్నా మన మధ్యే ఉంటుంది.

అసలు సంగతి చెబుతాను. నాకో పని వచ్చిందన్నా! పుణె నుంచి పూనం అనే ఆవిడ వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. పత్తి చరిత్ర మీద ప్రదర్శన పెడుతుందట. గోడకు వేలాడదీసే బొమ్మల బట్ట కావాలంది, అది చేతిమగ్గం మీద నేసిందే కావాలంది. నా మగ్గం మీద పరిచిన పాత చాదర్లు తీసి, దుమ్ము దులిపి చూపించాను. పదకొండేళ్ల తర్వాత దానికి గాలి తగిలింది.

ఏం బొమ్మో విను. దేవుడు కాదు, నెమలి కాదు. యుద్ధం! అదీ మెక్సికో దేశంలో, అయిదు వందల ఏళ్ల కిందటిది. స్పెయిన్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు కొన్ని వందల మంది. వాళ్ల పక్కన ఆ దేశంవాళ్లే వేలకు వేలు, తలకు ఎరుపూ తెలుపూ పేనిన పట్టీలు కట్టుకుని ఉన్నారు. ఎదురుగా సరస్సు మధ్య నగరంవాళ్లు. వాళ్లూ ఆ దేశంవాళ్లే. ఫొటో దీంతో పెడుతున్నాను.

గ్రాఫ్ నువ్వే గీయాలి. ఇక్కడ కంప్యూటర్ మీద గీసేవాళ్లున్నారు, ఒకడికి చూపించాను కూడా. గుర్రం గీయమంటే గాడిద వచ్చింది. గడుల కాగితం మీద నువ్వు గీసింది చూసి జకార్డ్ అట్టలకు చిల్లులు కొట్టిస్తే బొమ్మ కళ్లు తెరుస్తుంది. పన్నెండేళ్లు ఒకే పీట మీద కూర్చున్నాం, ఈ ఒక్కటి కాదనకు.

నీ తమ్ముడు
సిద్ధరాములు

*

భివండి
జూన్ 21

తమ్మీ సిద్ధా,

డెబ్బై ఏళ్ల ముసలాడికి గుర్రాలు గీసే పని పెడతావా? ప్రణాలి కొత్త కళ్లద్దాలు చేయించింది. బిడ్డ ఖర్మ, ఇప్పుడు వంటగది బల్ల నిండా గ్రాఫ్ కాగితాలే. "బాపూ, అన్నం ఎక్కడ తినాలె?" అంటుంది. ఒళ్లో పెట్టుకుని తినమన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజంతా నేను సోలాపూర్‌లోనే ఉన్నాను. మిల్లు భోంగా మోగితే మనం మున్సిపాలిటీ తెలుగు బడికి పరుగెత్తేవాళ్లం, గుర్తుందా? మధ్యాహ్నం పీట మీదే మూట విప్పేవాళ్లం. మీ అమ్మ చేసిన గట్టి జొన్నరొట్టె మోకాలికి కొట్టి విరిచేవాడివి. పల్లీల చట్నీ కారానికి నా ముక్కు కారేది, నువ్వు నవ్వేవాడివి. అట్లాంటి చట్నీ ఇక్కడ దొరకదు. దొరికినా నాకు పళ్లు లేవు.

ఆ లక్ష్మీదేవి గుర్తుందా? మన మగ్గం మీద బొమ్మ మొహం కిందికి ఉంటుంది, నేసేవాడికి వీపే కనిపిస్తుంది. అందుకని గ్రాఫ్ ఎడమా కుడీ తిప్పి గీయాలి. నేను మరిచిపోయాను. బట్ట కోసి తిప్పితే అమ్మవారు ఎడమ చేత్తో దీవిస్తోంది! సేఠ్ కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని చూశాడు. "ఎడమ చెయ్యి గుండెకు దగ్గర, సేఠ్" అన్నావు నువ్వు. వాడు దాన్నే ఇంట్లో పెట్టుకున్నాడు. నీ నోటికి మొక్కాలి.

ఫొటో చూశాను. ఈ ఎర్ర పట్టీల వాళ్లు తమ దేశంవాళ్ల మీదికే తెల్లవాళ్లను తోలుకుపోయారా? అయితే మన శంకర్ జాతి అన్నమాట. సమ్మె నలభయ్యో రోజు పొద్దున మరమగ్గాల షెడ్డు వెనక తలుపు కాపలా వదిలేసి, సేఠ్ మనుషులను లోపలికి రానిచ్చిన శంకర్! ముప్పై ఆరేళ్లయింది, వాడు చచ్చి కూడా ఇరవై ఎనిమిదేళ్లయింది. అయినా ఆ పేరు రాస్తుంటే నా పెన్ను గట్టిగా ఒత్తుకుంటోంది చూడు, కాగితం చిరిగింది.

గ్రాఫ్ గీస్తాను. ఆ ద్రోహుల మొహాలు మాత్రం అందంగా రావు, ముందే చెబుతున్నా.

రాజయ్య

*

నీలం నగర్
జూలై 5

రాజయ్యన్నా,

ఒప్పుకున్నందుకు నీకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. మగ్గానికి నూనె పెట్టాను. తాళ్లు మార్చాను. అది ఆడుతుంటే ఋతుజ వచ్చి పక్కన కూర్చుంది. పాత వాసన వచ్చింది, గంజీ నూలూ కలిసిన వాసన. కాసేపు మా అమ్మ వెనకాల కండెలు చుడుతోందనిపించింది.

ఆ ఎర్ర పట్టీల వాళ్ల గురించి ఋతుజ చదివి చెప్పింది. వాళ్లది త్లష్కలా అనే చోటు. ఎన్నో ఏళ్లుగా సరస్సు నగరంవాళ్లు వాళ్ల చుట్టూ దారులు మూసేశారట. లోపలికి పత్తి పోనివ్వలేదు. ఉప్పు పోనివ్వలేదు. ఆలోచించన్నా, పత్తి లేకుండా ఎట్లా? కిత్తనార తీసి నేసుకుని, ఆ గరుకు బట్ట కట్టుకున్నారు. ఉప్పు లేని చప్పిడి కూడు తిన్నారు. తెల్లవాళ్లు వస్తే ముందు వాళ్లూ కొట్లాడారు. గెలవలేక, చివరికి వాళ్లతో కలిశారు. తెల్లవాళ్లు కూడా తమ ఇనుప కవచాలు తీసేసి, అక్కడివాళ్ల లాగా దూది కుట్టిన అంగీలు వేసుకున్నారట, ఆ అంగీలు బాణాన్ని ఆపుతాయి. మన బొంతలాంటిదే అనుకో.

యుద్ధం గెలిచాక స్పెయిన్ రాజుగారికి తమ మేలు గుర్తు చేయడానికి త్లష్కలా వాళ్లు ఆ బొమ్మలన్నీ ఒక పెద్ద బట్ట మీద గీయించుకున్నారట. తెల్లవాళ్లు ఇచ్చిన మాటలు మాత్రం ఒక్కొక్కటే జారిపోయాయట.

వాళ్లు చేసింది మంచిదని నేననను. కానీ ఉప్పు కూడా దొరకనివాణ్ణి ద్రోహి అనే ముందు, ఉప్పు ఆపిందెవరో చూడాలి కదా. వాళ్ల మొహాలు కొంచెం మంచిగానే గీయి.

నిన్న బీడీలు చుట్టేవాళ్ల కాలనీ, విడీ ఘర్కుల్ వైపు పోతే నిర్మల కనిపించింది, శంకర్ భార్య. చుట్టిన బీడీల చాట నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు పోతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. శంకర్ గురించి అట్లా రాయకన్నా. పోయినవాడు.

సిద్ధరాములు

*

భివండి
జూలై 24

తమ్మీ,

గ్రాఫ్ పార్సిల్ వేరేగా వస్తోంది. తిప్పే గీశాను, ఎవరూ ఎడమ చేత్తో కత్తి పట్టరు. గుర్రం గుర్రంలాగే ఉంది. రంగుకొకటి చొప్పున నాడెలు ఆరు వచ్చేవి, అయిదుకు తెచ్చాను. ఒక నాడె తగ్గితే నీకు చెయ్యి నొప్పి తగ్గుతుంది. ఎవరు నేర్పారు మనకు? ఒక రంగు మిగిల్చినవాడే మంచి పనివాడని మా నాయనే కదా.

ఇక నీ వకాల్తా. ఏందిరా, ఆ త్లష్కలావాళ్లు నీకు మేనమామలా? గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు రాశావు.

కానీ ఉప్పు మాట చదివాక ఇది రాయకుండా ఉండలేను. నీతో ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. సమ్మె కమిటీ జొన్నలూ ఉప్పూ పంచింది గుర్తుందా? ఎవరికివ్వాలో పేర్లు రాసింది నేనే. నీ పేరు రాసి, నేనే కొట్టేశాను. నేనప్పటికి మన పీట దిగి షెడ్డులో మరమగ్గం సాంచాలు నడుపుతున్నాను, నువ్వు ఇంకా చేతిమగ్గం మీదే ఉన్నావు. మరమగ్గాలు ఆగాయి కాబట్టి మరమగ్గాలవాళ్లకే అన్నారు. సేఠ్ నీకూ నూలు ఆపేశాడని నాకు తెలుసు. నీ ఇంట్లో పొయ్యి వెలగడం లేదనీ తెలుసు. మన పీటవాడికే పంచాడని నన్నంటారేమోనని భయపడి కొట్టేశాను. సమ్మె గుర్తుగా జేబురుమాలంత ఎర్ర గుడ్డ చేతికి కట్టుకుని నువ్వు వరసలో నిలబడ్డావు. "నువ్వు సాంచాలోనివి కాదు గదా, జా" అన్నారు. నేను అక్కడే ఉండి నేల చూశాను.

నువ్వు ఖాళీ చేతులతో వెనక్కి పోయావు. ఆకలితో ఉండి కూడా అమ్ముడుపోలేదు. కడుపు నిండిన శంకర్ అమ్ముడుపోయాడు. ఆనాటి నుంచి ఎవరు మనిషి గురించి మాట్లాడినా నేను నీ పేరే చెబుతాను. ప్రణాలికి చెప్పాను, అల్లుడికి చెప్పాను.

నన్ను క్షమించు.

రాజయ్య

*

నీలం నగర్
ఆగస్టు 27

అన్నా,

నారళీ పున్నమికి, మన జంధ్యాల పున్నమికి, మార్కండేయుడి రథం వెళ్లింది. కొత్త జంధ్యం వేసుకున్నాను, కానీ రథం వెంట పోలేదు. నీ ఉత్తరం జేబులో ఉంది. నెల రోజులుగా జవాబు మొదలుపెట్టడం, చింపడం.

ముందు బట్ట సంగతి రాస్తాను, అది తేలిక. శనివారం కోసి, తిప్పి, గోడకు కట్టాం. పూనం మేడమ్ వచ్చింది. గుర్రాలు బాగున్నాయంది. తర్వాత చాలాసేపు చూసి, "దాదా, ఇందులో ఎవరు ఎటు?" అంది. అప్పుడు చూశాను. నువ్వు తగ్గించిన నాడె ఎర్ర నూలుది. ఎర్ర పట్టీలు లేవు. తెల్లవాళ్లతో వచ్చినవాళ్లూ, వాళ్లకు ఎదురు నిలిచినవాళ్లూ ఒకటే గోధుమరంగు. నేసినన్నాళ్లూ వీపు మీది పోగులే చూస్తూ, నీ గ్రాఫ్ చెప్పినట్టు నాడె మార్చాను కాబట్టి నాకూ తెలియలేదు. ఋతుజ దగ్గరికి పోయి, "ఆజోబా, వీళ్లు వీళ్లను వీళ్లే కొట్టుకుంటున్నట్టున్నరు" అంది.

మేడమ్ మళ్లీ నేయమంది. నేస్తాను. కానీ ఆ గోడ ముందు నిలబడలేక బయటికొచ్చేశాను. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

ఆ రోజు వెనక తలుపు తీసింది నేను.

ఆ తలుపు ఎదురుగానే కదా మా చాల్ ఇళ్ల వాకిలి. సేఠ్ గుమాస్తా మూడు రోజుల ముందు వచ్చాడు, తలుపు తీస్తే నూలిస్తానన్నాడు. ఇంట్లో పిల్లలు ఉప్పు లేని గంజి తాగుతున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ పొద్దున ఆరింటికి శంకర్ కాపలా ఉన్నాడు. పాపకు జ్వరం ఎక్కువైందని నిర్మల కబురు పంపింది. వాడు నా దగ్గరికొచ్చి, "సిద్ధన్నా, జర తలుపు చూస్కో, అబీ వస్త" అన్నాడు. నన్ను నమ్మి పోయాడు. వాడు మలుపు తిరిగేదాకా చూసి గడియ తీశాను. సేఠ్ మనుషులు దూరారు. ముందు గేటు దగ్గర కూర్చున్న మీ మీద లాఠీలు పడ్డాయి. సమ్మె పోయింది.

సాయంత్రం కొంతం చౌక్‌లో అందరూ శంకర్‌ను నిలబెట్టారు. "నేను సిద్ధన్నకు చెప్పిపోయిన" అన్నాడు వాడు. నువ్వు నా వైపు తిరిగి, "నీకు చెప్పిపోయిండా?" అని అడిగావు. నేను "లేదు" అన్నాను. ఒక్క మాట. నువ్వు వాడి చేతికున్న ఎర్ర గుడ్డ తెంపి మొహాన కొట్టావు. నా చేతికీ అదే గుడ్డ ఉంది. ఎవరు ఎటో ఆ రోజూ తెలియలేదన్నా.

వాడు చచ్చినప్పుడు పాడె మోయడానికి మనవాళ్లు రాలేదు. నేను పోయి భుజం పట్టాను. "సిద్ధరాములుది పెద్ద మనసు" అన్నారు. ఆ మాటతో ఇరవై ఎనిమిదేళ్లు బతికాను.

రేషన్‌లో నువ్వు నా పేరు కొట్టేసినందుకు తీశాననుకోకు. ఆ సంగతి నాకు మొన్నే తెలిసింది. ఆకలికే తీశాను. "లేదు" అన్నది మాత్రం ఆకలికి కాదు, నీ ముందు పరువు పోతుందని. నిన్ను పోగొట్టుకోలేక వాణ్ణి పోగొట్టాను.

సిద్ధరాములు

*

నీలం నగర్
సెప్టెంబర్ 22

రాజయ్యన్నా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రోజూ పోస్టు సమయానికి గుమ్మంలో కూర్చుంటున్నాను. తిట్టు, కానీ రాయి.

మూడుసార్లు విడీ ఘర్కుల్‌కు పోయాను. రెండుసార్లు బస్టాపు నుంచే వెనక్కి వచ్చాను. మూడోసారి నిర్మల గుమ్మం దాకా పోయాను. లోపల కత్తెరతో బీడీ ఆకు కత్తిరిస్తూ కనిపించింది. అక్కణ్నుంచే తిరిగొచ్చేశాను. పిరికివాణ్ణి అన్నా. అప్పుడూ ఇప్పుడూ.

సిద్ధరాములు

*

భివండి
అక్టోబర్ 3

సిద్ధరాములుకు,

నీ ఉత్తరం అందిన రోజే గ్రాఫ్ కాగితాలన్నీ చింపేశాను. ప్రణాలి భయపడింది. ఏమైందంటే ఏం చెప్పను? ఇంట్లోవాళ్లందరి ముందూ ముప్పై ఏళ్లు నిన్ను మెచ్చుకున్నాను.

నెల రోజులు నిన్ను తిట్టాను. ఉత్తరాల్లో కాదు, లోపల. అన్నం ముందు, స్నానాల గదిలో, బస్సులో. తిట్టీ తిట్టీ అలిసిపోయాక శంకర్ గుర్తొచ్చాడు. అప్పుడు తిట్లు నా మీదికి తిరిగాయి.

నువ్వు అన్నది ఒక్క మాట. దాన్ని పట్టుకుని మిగతాదంతా చేసింది నేను. గుడ్డ తెంపింది నేను. వాడితో ఎవరూ మాట్లాడొద్దని ఇంటింటికీ చెప్పింది నేను. ఏ షెడ్డులోనూ వాడికి సాంచా దొరకకుండా చేసింది నేను. భివండి వచ్చాక కూడా ఊరుకోలేదు. వాడు పోయాడని తెలిసి, పాడె ఎవరూ పట్టొద్దని కార్డు రాసింది నేనే. మన శంకర్‌రా వాడు. నవ్వితే చిగుళ్లు కనిపించేవి. మన పీట కింద దూరి తెగిన తాడు ముడేసి, పైకొచ్చి చాయ్ అడిగేవాడు. నేను వాణ్ణి ఒక్కసారి కూడా పక్కకు పిలిచి అడగలేదు. అడిగితే చెప్పేవాడు. నేను వినేవాణ్ణి కాదు.

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. అది నా చేతిలో ఉన్నదీ కాదు.

పన్నెండో తారీకు బండికి వస్తున్నాను. నువ్వు స్టేషన్‌కు రాకు. నేను నేరుగా నిర్మల ఇంటికి పోతాను. ఆమె లోపలికి రమ్మంటే నీ సంగతి ఆలోచిస్తాను. తలుపు వేసుకుంటే అట్నుంచటే భివండి బండి ఎక్కుతాను. అప్పుడు ఇక ఉత్తరాలు వద్దు.

రాజయ్య

*

విడీ ఘర్కుల్, సోలాపూర్
అక్టోబర్ 12

సిద్ధా,

ఇది పక్కింటి ఓంకార్ చేత పంపుతున్నాను. అతని రిక్షా మీ వైపే వస్తోంది.

నిర్మల తలుపు తీసింది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "భివండి నుంచి సోలాపూర్ రానికె ముప్పై ఆరేండ్లు పట్టిందా రాజన్నా?" అంది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాను, నువ్వు రాసిందంతా, నేను చేసిందంతా. నా చెవులకు ఆమె మాట అందదు కాబట్టి ఆమె నోరే చూస్తూ చెప్పాను.

ఆమె గడప మీద కూర్చుంది. నాకు వినిపించేట్టు గట్టిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. వాడలోవాళ్లంతా వినే ఉంటారు.

"దినాం అదే చెప్తుండె. నేను తలుపు తియ్యలే నిర్మలా, సిద్ధన్నకు చెప్పొచ్చిన అని. నేను గూడ నమ్మలే రాజన్నా. ఊరంత ఒక్క దిక్కు ఉంటే నా మొగడే అబద్దం, ఖోటా అనుకున్న. బిడ్డకు జరమొచ్చిందని పిలిచింది నేనే, ఆయన అర గంట నా ఇంట్లనే ఉండె. అయినా నమ్మలే. ఆఖరికి చెప్పుడే బంద్ చేసిండు. చెప్పకుంటనే పోయిండు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముగ్గురం కలిసి వాణ్ణి ఒంటరివాణ్ణి చేశాం సిద్ధా. నువ్వు అబద్ధమాడి, నేను నమ్మి, ఆమె నమ్మక.

కాసేపటికి లేచి మొహం కడుక్కుంది. నీ ఉత్తరం చూపిస్తే పక్కకు తోసింది. "కాయిదం నాకెందుకు? ఆయన్ను రమ్మను. ఆయన నోటితో చెప్పాలె. ఈ గల్లీల, అందరి ముంగట చెప్పాలె. శంకర్ తియ్యలే, నేను తీసిన అనాలె" అంది. నువ్వు రావాలి. నేను పక్కన నిలబడతాను, కానీ నీ బదులు ఒక్క మాట కూడా మాట్లాడను.

తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఆమె పొయ్యి ముట్టించింది. జొన్నపిండి డబ్బా ముందు పెట్టుకుని, ఎందరికి చేయాలని చేతితో అడిగింది. ముగ్గురికి అన్నాను. నా మొహం వైపు చాలాసేపు చూసింది. డబ్బాలోంచి ఇంకో పిడికెడు పిండి తీసింది.

అదే రిక్షాలో బయలుదేరు.

రాజయ్య